పుస్తకానికి పూచీ

సాహిత్య పత్రికలో పన్నుల ప్రస్తావన తెస్తే పాఠకులు ముఖం చిట్లిస్తారేమో. కాని కామర్సు చదివి, ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో ఖాతాలు చూస్తున్నవాడికి ఏ సంగతైనా అక్కడినుంచే మొదలవుతుంది. మన దేశంలో అచ్చుపుస్తకం మీద జి.ఎస్.టి. లేదు. ఎలక్ట్రానిక్ పుస్తకం మీద 2017లో 18 శాతం వేశారు. 2018 జూలై 27 నుంచి దాన్ని 5 శాతానికి తగ్గించారు. తగ్గిస్తూ ఒక వివరణ చేర్చారు: ఈ-పుస్తకం అంటే అచ్చయిన పుస్తకానికి ఎలక్ట్రానిక్ రూపం అని. అంటే ముందు కాగితం మీద పుట్టి, ఆ తర్వాత తెర మీదికి వచ్చినదే ఈ-పుస్తకం. కాగితం ముఖం ఎన్నడూ చూడని రచన, వెయ్యి పేజీల నవల అయినా సరే, ఆ వివరణ ప్రకారం పుస్తకం కాదు సరిగదా, ఈ-పుస్తకం కూడా కాదు. ఏదో ఒక సేవ, అంతే. దానికి ఆ 5 శాతం రాయితీ లేదు.

సాహిత్య సభల్లో మనం చేసే వాదన కూడా ఈ సర్కారు వివరణను దాటి పోయినట్టు లేదు. ఈ-పుస్తకం పుస్తకమేనా అన్న ప్రశ్న రాగానే ఒకరు లేచి కొత్త పుస్తకం వాసన గురించి చెబుతారు. ఇంకొకరు పేజీల మధ్య చిన్ననాడు దాచుకున్న నెమలి ఈక గురించి చెబుతారు. ఎదుటి పక్షంవారు లేచి ఒక్క ఫోనులో వెయ్యి పుస్తకాలు పడతాయంటారు, చెట్లు నరికే పని లేదంటారు. వాసనకూ చెట్టుకూ మధ్య తీర్పు చెప్పమంటే ఎవరు చెప్పగలరు? రెండు పక్షాల వ్యాసాలూ నేను చాలా చదివాను. పుస్తకం ఎలా ఉంటుందో వాటినిండా ఉంది. పుస్తకం ఏ పని చేస్తుంది, ఆ పని తెర మీద జరుగుతోందా లేదా అన్నది ఎక్కడో ఒకటి రెండు వాక్యాల్లో తప్ప కనపడలేదు.

వాసన గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది విజయవాడ ఏలూరు రోడ్డుకో హైదరాబాదు కాచిగూడకో సాయంత్రం నడిచిపోగలిగినవాళ్లని నా అనుమానం. మేముండే బ్రూక్‌ఫీల్డ్ సంగతి వేరు. కుందలహళ్లి గేటు నుంచి ఏ.ఇ.సి.ఎస్. లేఅవుట్ దాకా నడిస్తే చెవిన పడే మాటల్లో తెలుగు తక్కువేమీ ఉండదు. ఆంధ్రా మెస్సులున్నాయి. గోంగూర కట్టలున్నాయి. సంక్రాంతికి నెల ముందే కడపకూ నెల్లూరుకూ బస్సు టికెట్లు అయిపోతాయి. తెలుగు పుస్తకం కొందామంటే మాత్రం దుకాణం లేదు. 2023లో మెట్రో వచ్చాక వయ్యాలికావల్ తెలుగు విజ్ఞాన సమితి దాకా పోయిరావడం కాస్త సులువైంది గాని, ఆదివారంలో సగం దానికే సరి. తెప్పించుకుందామంటే తపాలా ఖర్చు. పుస్తకాలకని చవకగా ఉండిన రిజిస్టర్డ్ బుక్‌పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఒకటి పెట్టారు, మంచిదే. అయినా పుస్తకం ఉన్న చోటికి మనిషి పోవడమో, మనిషి ఉన్న చోటికి పుస్తకం రావడమో, రెండూ కష్టమైన చోట బతుకుతున్న మాబోటివాళ్లకు తెర మీది పుస్తకం షోకు కాదు. చదవడమా మానుకోవడమా అన్నదే మా ముందున్న ప్రశ్న.

అలాగని తెర మీద కనిపించిన ప్రతిదాన్నీ పుస్తకమని నెత్తిన పెట్టుకోమని చెప్పడం నా ఉద్దేశం కాదు. దేన్ని పుస్తకమనాలి, దేన్ని అనకూడదు అన్నదానికి ఒక కొలత కావాలి. ఆ కొలత నాకు మా వృత్తిలోనే దొరికింది.

నేను బ్యాంకులో చేరిన కొత్తలో 'పుస్తకాలు' అంటే లెడ్జర్లే. ఒక్కో లెడ్జరు ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. గుమాస్తా పద్దు రాస్తాడు, అధికారి చూసి పొట్టి సంతకం పెడతాడు, సాయంత్రం డే బుక్‌తో సరిచూస్తారు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, లెడ్జర్లు అటకెక్కాయి. మరి కోర్టులో వ్యాజ్యం పడితే బ్యాంకు తన పుస్తకమని ఏది చూపాలి? 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం ఉంది. 2000లో సమాచార సాంకేతిక చట్టం వచ్చినప్పుడు ఆ పాత చట్టాన్నీ సవరించి, డిస్కులో టేపులో ఉన్న పద్దుల అచ్చుప్రతిని కూడా బ్యాంకు పుస్తకంగా ఒప్పుకున్నారు. ఊరికే ఒప్పుకోలేదు. బ్రాంచి మేనేజరో ముఖ్య గణకుడో ధ్రువపత్రం ఇవ్వాలి. కంప్యూటరు చూసే అధికారి ఇంకొకటి ఇవ్వాలి. పద్దుల్ని ఎవరుబడితే వారు మార్చకుండా ఏ జాగ్రత్తలు తీసుకున్నారు, ఎక్కడ భద్రపరుస్తున్నారు, ఒకచోటినుంచి ఇంకొకచోటికి ఎక్కించేటప్పుడు ఏం చేస్తున్నారు, అన్నీ అందులో రాసి సంతకం పెట్టాలి. అంటే చట్టం కాగితాన్ని వదులుకుంది గాని పూచీని వదులుకోలేదు. దానికి కావలసింది కాగితమా తెరా అన్నది కాదు. ఈ పద్దు ఇదే, దీన్ని ఎవరూ దిద్దలేదు అని చెప్పడానికి ఒక మనిషి నిలబడతాడా అన్నది.

ఈ కొలతతో చూస్తే మన పుస్తకాల పాత చరిత్ర కూడా వేరుగా కనిపిస్తుంది. తాటాకు మీద రాసిన లేఖకుడు చివర ఊరు, సంవత్సరం, తిథి, తన పేరు వేసి, తప్పులుంటే మన్నించమని కోరేవాడు. అది వినయం ఒక్కటే కాదు, పూచీ కూడా. 'కవిలె' అన్న మాట చూడండి. గ్రామ లెక్కలు రాసిన తాటాకుల కట్ట అది. కన్నడంలో ఈనాటికీ ప్రభుత్వ కార్యాలయంలో ఫైలును 'కడత' అంటారు. నల్లగుడ్డ మడతల మీద బలపంతో లెక్కలు రాసుకున్న పాత పుస్తకం పేరే అది. గుడ్డ పోయింది, బలపం పోయింది, ఫైలు కూడా కంప్యూటరులోకి పోయింది, 'కడత' మాత్రం విధానసౌధలో ఉద్యోగం చేస్తూనే ఉంది. అచ్చు కూడా మనకు బయటినుంచి వచ్చినదే. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు 1746లో జర్మనీలోని హాలే పట్నంలో వేయించినవి. తర్వాత వంద నూటయాభై ఏళ్లు మన అచ్చుకు పెద్ద కేంద్రం మద్రాసు. తెలుగు పుస్తకం రూపం మార్చుకున్నప్పుడల్లా ఆ మార్పు తెలుగుసీమకు అవతలే జరిగిందంటే, బయట బతికే మనం కాస్త గర్వపడినా తప్పులేదు.

మన్నిక మాటేమిటని అడుగుతారు. కాగితం నూరేళ్లుంటుంది, ఫైలు పదేళ్లు కూడా ఉండదు అంటారు. మన్నికే కొలత అయితే రాగిరేకును మించినది లేదు. అన్నమయ్య కీర్తనల్ని వేలకొద్దీ రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. రాగి చెదలు పట్టలేదు, చిరగలేదు. కాని 1922లో అవి వెలుగులోకి వచ్చేదాకా దాదాపు నాలుగు వందల ఏళ్లు వాటిని చదివినవాళ్లు అరుదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పరిష్కర్తలు రేకు రేకూ చదివి, అచ్చుకు ఎక్కించిన తర్వాతే అవి జనానికి పుస్తకమయ్యాయి. వారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పినవారు. మన కర్ణాటక తెలుగువాళ్లు ఆ సంగతి మరిచిపోకూడదు. రేకుల మన్నిక ఆ పాటల్ని కాపాడింది, నిజమే. పుస్తకం చేసింది మాత్రం చదివి, సరిచూసి, పేరు పెట్టుకున్న మనుషులు.

ఇక మన కళ్ల ముందున్న ఈ-పుస్తకాలకు వద్దాం. వీటినన్నిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడడమే మన విమర్శలో పెద్ద లోపం. మొదటి రకం, పాత పుస్తకాలను ఫొటో తీసి పెట్టినవి. ఈ పనికి పెద్దఎత్తున పూనుకున్నది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న రాజ్ రెడ్డిగారు తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో అది భాగం. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ దానికి ఒక ముఖ్య కేంద్రం. తెలుగు పుస్తకాలు వేలల్లో ఎక్కాయి. ఆ ప్రతుల్ని చూసినవాళ్లకు వాటి తీరు తెలుసు. ఒక పేజీ వంకరగా ఉంటుంది, ఒక పేజీలో మూల మడత, ఒకచోట పేజీ పట్టుకున్నవాడి బొటనవేలు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించినవారికి తెలుగు వచ్చో రాకో, ఏ పుస్తకం ఏ పేరు కింద ఉందో కనుక్కోవడం ఒక విద్య. 2017 నాటికి హక్కుల పేచీలతో ఆ వెబ్‌సైట్ మూతపడింది. అంతలో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరడం మన అదృష్టం.

ఇన్ని లోపాలున్నా వీటిని నేను పుస్తకాలే అంటాను, సంకోచం లేకుండా. ఎందుకంటే ఆ మసకబారిన బొమ్మలో వావిళ్లవారి ముఖపత్రం ఉంది, ముద్రణ సంవత్సరం ఉంది, పరిష్కర్త పేరుంది, చివర తప్పొప్పుల పట్టిక కూడా ఉంది. ఎప్పుడో పెట్టిన సంతకం చెరగలేదు. నకలు మసకగా ఉన్నంత మాత్రాన పత్రం చెల్లకపోదు. మా ఊరివైపు ఒక పెద్దాయన ఉన్నారు, తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. "బుక్కంటే చేతిలో బరువుండాలప్పా, ఇదేం బుక్కు" అనేవారు. ఆయన చిన్నతనంలో చదివి పోగొట్టుకున్న ఒక శతకవ్యాఖ్యను ఈ నకళ్లలో వెతికి ఫోనులో చూపించాను. అద్దాలు తుడుచుకుని గంటసేపు చదివారు. బరువు మాట మళ్లీ ఎత్తలేదు.

రెండో రకం, అక్షరాలుగా ఎక్కించినవి. అసలు మార్పు ఇక్కడ ఉంది. కాగితం వాసనల వ్యాసాల్లో దీని ఊసే ఉండదు. ఫొటోలో ఉన్నది అక్షరం బొమ్మ. దాన్ని కంప్యూటరు చదవలేదు, వెతకలేదు. 1990ల నుంచి మన ప్రచురణకర్తలు అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో పుస్తకాలు కూర్చారు. అచ్చుకు అవి చక్కగా పనికొచ్చాయి. కాని వాటి వెనక ఉన్న సంకేతాలు తెలుగు అక్షరాల సంకేతాలు కావు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే కనిపించేది పిచ్చిగీతలే. ఇరవై ఏళ్ల తెలుగు సాహిత్యం ఇలా ప్రచురణకర్తల పాత డిస్కుల్లో ఉండీ లేనట్టుంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ తన సొంత సంఖ్య ఉంది. 'అ' సంఖ్య 3077. అదే యూనికోడ్‌లో కన్నడ 'అ' సంఖ్య 3205. తేడా 128. 'క' తీసుకున్నా 128 తేడాయే. రెండు లిపుల పట్టికలూ పక్కపక్కన ఒకే వరసలో కూర్చారు కాబట్టి, తెలుగు అక్షరం సంఖ్యకు 128 కలిపితే దాదాపు ప్రతిచోటా దాని కన్నడ జత వస్తుంది.

లెక్కల సరదాకు చెప్పడం లేదు. కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల్లో, మా బాగేపల్లి పక్క, ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదివినవాళ్లు వేలకు వేలు. కైవారం తాతయ్య తెలుగు తత్వాలు కంఠతా వచ్చినవాళ్లుంటారు, తెలుగు అక్షరం ఒక్కటి కూడబలుక్కోలేరు. అందుకే ఆ తత్వాలను కన్నడ లిపిలో అచ్చువేసి చదువుకుంటున్నారు. వాళ్ల భాషకు లోటు లేదు, లిపి దగ్గరే ఆగిపోయారు. బ్రూక్‌ఫీల్డ్ పిల్లల సంగతీ ఇంతే. నాన్నమ్మతో తెలుగులో గొడవపడగలరు, తెలుగు కథ చదవలేరు. యూనికోడ్‌లో ఉన్న తెలుగు పుస్తకాన్ని లిపి మార్చే ఉపకరణంలో పెడితే క్షణంలో కన్నడ అక్షరాల్లో వస్తుంది. చూపు తగ్గినవాళ్లకు యంత్రం చదివి వినిపిస్తుంది. ఉచ్చారణ కాస్త మరమనిషిలా ఉంటుంది, అయినా అర్థమవుతుంది. ఈ పని అచ్చుపుస్తకం చేయలేదు, ఫొటోపుస్తకం చేయలేదు. మనలాంటి అల్పసంఖ్యాకులకు ఈ-పుస్తకం అచ్చుకు నకిలీ అన్న మాట ఇక్కడ నిలబడదు. ఇక్కడ అది అచ్చు అందుకోలేని పాఠకుడి దగ్గరికి పోతున్నది.

అక్షరాలుగా ఎక్కించేటప్పుడు తప్పులు రావా? వస్తాయి. ముద్రారాక్షసుడు కాగితం వదిలి తెర మీదికి కాపురం మార్చాడు. అందుకే వికీసోర్స్ పద్ధతి నాకు నచ్చింది. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకం పేజీ బొమ్మ ఒకపక్క, ఎక్కించిన అక్షరాలు ఇంకొకపక్క ఉంటాయి. సరిచూడని పేజీకి ఎరుపు. ఒకరు సరిచూస్తే పసుపు. వేరొకరు మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చ. మొదటివారే రెండోసారి చూసి ఆకుపచ్చ చేయడానికి వీల్లేదు. బ్యాంకులో దీన్నే మేకర్, చెకర్ అంటాం. పద్దు వేసినవాడు దాన్ని పాస్ చేయకూడదు. ఎవరు ఎప్పుడు ఏ అక్షరం దిద్దారో చరిత్ర అంతా ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. జీతం లేని వాలంటీర్లు చేస్తున్న ఈ పనిలో ఉన్నపాటి జవాబుదారీ, నిజం చెప్పాలంటే, ఈమధ్య అచ్చయి వస్తున్న కొన్ని ఖరీదైన అట్టల పుస్తకాల్లో లేదు. వాటిలో ప్రూఫులు ఎవరు చూశారో తెలియదు. చూశారో లేదో కూడా తెలియదు.

మూడో రకంతోనే అసలు చిక్కు. నేరుగా ఈ-పుస్తకంగానే పుట్టిన కొత్త రచనలు. మేం కొందరం మిత్రులం నెలకొకసారి ఒక తెలుగు పుస్తకం చదివి మాట్లాడుకుంటాం. ఈమధ్య ఒక యువరచయిత్రి కథల సంపుటి ప్రస్తావనకు వచ్చింది. ఐ.టి. ఉద్యోగాల మధ్య నలిగే ఇళ్ల కథలు, బాగున్నాయి. అచ్చు వేయించలేదు, ఫైలుగానే అమ్ముతోంది. "అచ్చయ్యాక చూద్దాం లెండి" అన్నారు ఒక మిత్రులు. ఆ మాట నాకు నచ్చలేదు. అచ్చు ఖర్చు రచయితే పెట్టుకుని, అయిదు వందల ప్రతులు వేయించి, నాలుగు వందలు మంచం కింద పెట్టుకుంటే పుస్తకమట, లేకపోతే కాదట. సర్కారువారి వివరణకూ దీనికీ తేడా ఏముంది? అని వాదించి పుస్తకాన్ని జాబితాలో పెట్టించాను.

చర్చ మొదలయ్యాక తేలిన సంగతి వేరు. చివరి కథలో ఆమె భర్తను వదిలి రైలెక్కుతుందని నేనంటాను. ఎక్కదు, ప్లాట్‌ఫారం మీదే కూర్చుంటుందని పక్కాయన అంటారు. ఇద్దరం ఫోన్లు తీశాం. ఇద్దరిదీ ఒకే సంపుటి, ఒకే ముఖచిత్రం, ఒకే ధర. ముగింపులు రెండు. నేను మార్చిలో కొన్నాను, ఆయన జూన్‌లో. ఈ మధ్యలో రచయిత్రి ముగింపు మార్చి, కొత్త ఫైలు పెట్టింది. ఎక్కడా ఒక్క మాట రాయలేదు.

రచయిత తన రచనను మార్చుకోకూడదని కాదు. గురజాడ మార్చలేదా? 1897 నాటి కన్యాశుల్కం వేరు, 1909 నాటి కన్యాశుల్కం వేరు. రెండోది దాదాపు కొత్త నాటకం. నూరేళ్లుగా విమర్శకులు ఆ రెండింటినీ పోల్చి రాస్తూనే ఉన్నారు. పోల్చగలగడానికి కారణం ఒక్కటే. రెండూ ఉన్నాయి, రెండింటి మీదా తేదీలున్నాయి. 1909 కూర్పు వచ్చిన రోజున ఊరూరా ఉన్న 1897 ప్రతులు వాటంతటవే మారిపోయి ఉంటే మనకు గురజాడ ఎలా పెరిగాడో తెలిసేదా? తేదీ లేని దిద్దుబాటును బ్యాంకులో దిద్దుబాటు అనం. దాని పేరు వేరే ఉంది, ఇక్కడ రాయను. మార్చేవాడి ఉద్దేశం ఎంత మంచిదైనా అంతే.

కాబట్టి ఆ సంపుటి పుస్తకమా కాదా అంటే, కాగితం లేనందుకు దానికి లోటు లేదు, కూర్పు ఏదో చెప్పనందుకు ఉంది. అది రచయిత్రి పది నిమిషాల్లో తీర్చగలిగిన లోటు.

రచయితలు తీర్చలేని లోటు ఇంకొకటుంది. నేను కొన్నది నాదేనా అన్నది. 2009లో అమెజాన్ సంస్థ హక్కుల చిక్కు వచ్చిందని పాఠకులు డబ్బిచ్చి కొనుక్కున్న ఆర్వెల్ నవలల్ని వాళ్ల కిండిల్ యంత్రాల్లోంచి చెప్పకుండా తీసేసుకుంది. డబ్బు తిరిగిచ్చింది, తర్వాత క్షమాపణా చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కొన్నవాళ్ల పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి, అక్కడా డబ్బు వాపసు. డబ్బు వస్తే సరిపోతుందా? అందులో రాసుకున్న గమనికలు ఏమైనట్టు? ఇలాంటివి పుస్తకాలు కావు, అద్దె ఇళ్లు. అద్దె ఇంట్లో ఉండడం తప్పు కాదు, బెంగళూరులో మనలో చాలామందిమి ఉంటున్నాం. సొంత ఇల్లని చెప్పి అద్దెకిస్తేనే పేచీ. అదే అమెజాన్ 2016 డిసెంబరులో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం చోటుచేసుకున్నాయి. తెలుగు లేదు, కన్నడం లేదు. ఆ అద్దె ఇంట్లోకి కూడా మనల్ని రానివ్వలేదన్నమాట. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే తాళంచెవి వాళ్ల దగ్గరుండే పద్ధతికి మన సాహిత్యమంతా అలవాటు పడకపోవడం ఒకందుకు మేలేమో అనిపిస్తోంది.

చేతులు మారడం ఎంత ముఖ్యమో మా లేఅవుట్‌లోనే చూశాను. నిరుడు ఒక పెద్దాయన కాలం చేశారు. ఆయన ఇంట్లో నాలుగు వందల దాకా తెలుగు పుస్తకాలు, ఒక టాబ్లెట్. పిల్లలు మంచివాళ్లే, కాని తెలుగు చదవరు. పుస్తకాలు ఎవరికైనా ఇద్దామని రెండు గ్రంథాలయాలను అడిగారు. చోటు లేదన్నారు. టాబ్లెట్‌లో ఆయన కొన్న పుస్తకాలున్నాయి గాని సంకేతపదం ఆయనతోనే పోయింది. కాగితానికి చోటు దొరకలేదు, తెరకు తాళం తీయలేదు. బ్యాంకులో అయితే ఖాతాకు నామినీని రాయించుకోకుండా వదలం. పుస్తకాల అలమరకు నామినీని రాసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. చివరికి పుస్తకాల్లో సగం హిందూపురంలో ఒక బడికి పంపాం. రచయిత పోయి అరవై ఏళ్లు దాటి, హక్కులు తీరిపోయినవి ఇరవై ముప్పై ఉంటే వాటిని మిత్రులు కొందరు పేజీ పేజీ ఫొటో తీసి ఆర్కైవ్‌లో పెట్టారు. ఆ టాబ్లెట్ ఇప్పుడు వాళ్ల మనవడి ఆటలకు పనికొస్తోంది, అన్నీ చెరిపేశాక.

ఒకచోట పెట్టి ఊరుకుంటే చాలదని కూడా చెప్పాలి. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద దాడి జరిగి కొన్నాళ్లు అది అందకుండా పోయింది. ఆ రోజుల్లో ఒక వ్యాసానికి పాత పుస్తకం కావలసి వచ్చినవాళ్లకు తెలుస్తుంది, వేల పుస్తకాలు ఒకే లాకరులో ఉండడమంటే ఏమిటో. అచ్చు పుస్తకానికి ఈ విషయంలో చట్టం అండ ఉంది. 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్త కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరాతో సహా మరి మూడింటికీ ప్రతులు పంపాలి. అందరూ పంపుతున్నారని కాదు, పంపాలన్న నియమమైనా ఉంది. తెరమీదే పుట్టిన తెలుగు కథకు ఆ పాటి దిక్కు కూడా లేదు. రచయిత చందా కట్టడం మానేసిన రోజు ఆ సంపుటి ఉన్న చోటు ఖాళీ అవుతుంది. పది ప్రతులైనా పది మంది దగ్గర, తాళం లేకుండా ఉంటే తప్ప దానికి రేపన్నది లేదు.

మా కథల రచయిత్రికి ఇదంతా ఫోనులో చెప్పాను. "అంకుల్, తప్పులు దిద్దినట్టే అనుకున్నాను" అంది. వారం తిరగకుండా కొత్త ఫైలు పంపింది. మొదటి పేజీలో 'రెండో కూర్పు' అని, నెల, సంవత్సరం, ప్రూఫులు చూసిన స్నేహితురాలి పేరు, మారిన కథ ఏదో, అన్నీ ఉన్నాయి. కొన్నవాళ్లు ఇంకొకరికి ఇచ్చుకోవచ్చని కూడా ఒక వాక్యం రాసింది. మొదటి కూర్పు నా దగ్గర అలాగే ఉంది, రెండు పెన్‌డ్రైవుల్లో ఎక్కించి ఒకటి బాగేపల్లిలో మా తమ్ముడి దగ్గర పెట్టాను. వచ్చే నెల సమావేశంలో రెండు ముగింపులూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడతాం. నా మట్టుకు నాకు ఆమె రైలెక్కడమే బాగుంది.